తిరిగొచ్చినవాళ్ల లెక్క ముందు అడగండి

ప్రశ్న క్లుప్తంగా: నిరుద్యోగ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో పెట్టించే సంస్థ ఒకటి దేవరకొండలో నడుస్తోంది. ఆ సెంటర్‌కు ఈ మధ్యే ఇన్‌చార్జినయ్యాను. అంతకుముందు అక్కడే కంప్యూటర్ ట్రైనర్‌ని. పోయిన బ్యాచ్‌లో 35 మంది ఉంటే 24 మంది ఉద్యోగాల్లో చేరారు. రెండు నెలలు తిరిగేసరికి 13 మంది ఇంటికొచ్చేశారు. హెడ్డాఫీసు వాళ్లు ఫోన్లు చేసి కనుక్కుని చెబితే గానీ నాకు తెలియలేదు. టీమ్‌లో అందరూ నాకన్నా పెద్దవాళ్లు, నా మాట పట్టించుకోరు. ఊళ్లు తిరిగి పిల్లలను సెంటర్‌కు తెచ్చే మొబిలైజర్లు ఇద్దరిలో ఒకతను టార్గెట్ చేయడం లేదు, తీసేయమని పైనుంచి ఒత్తిడి. బాగా టెన్షన్‌గా ఉంది. ఎలా నడిపించాలి?

సమాధానం:

మీరు అడిగింది రెండు సంగతులు. పిల్లలు ఎందుకు తిరిగొస్తున్నారన్నది ఒకటి, టీమ్ మీ మాట ఎందుకు వినడం లేదన్నది ఇంకొకటి. ఈ పనిలో చాలా ఏళ్లు, మొదట మహబూబ్‌నగర్ వైపు, తర్వాత నల్లగొండ వైపు ఉన్నాను. నాకు తోచినంతలో రెండింటికీ మూలం ఒకటే. మీ సెంటర్‌లో చెడ్డ కబురు మీ దాకా రావడం లేదు. 13 మంది తిరిగొచ్చిన సంగతి మీకు రెండు నెలలకు తెలిసింది. మీ మొబిలైజర్లకు మూడో రోజే తెలిసి ఉంటుంది, ఎందుకంటే బస్సు దిగి బ్యాగుతో ఊళ్లోకి నడిచొచ్చే పిల్లాడు ముందు కనపడేది వాళ్లకే. తెలిసీ చెప్పలేదంటే వాళ్లు చెడ్డవాళ్లని కాదు. చెబితే తిట్లు తప్ప ఇంకేమీ రావని వాళ్ల అనుభవం.

అందుకే నాయకత్వం మీద ట్రైనింగులు, పవర్ పాయింట్లు తర్వాత చూసుకుందాం. ముందు సోమవారం మీటింగ్ సంగతి చూడండి. చాలా సెంటర్లలో అది ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: "ఈ వారం ఎన్ని జాయినింగులు?" పెద్ద కుర్చీలో ఉన్న మనిషి ఏది ముందు అడిగితే కిందివాళ్లు అదే తెస్తారు. జాయినింగులు అడిగితే ఎలాగోలా జాయినింగులే తెస్తారు. డిగ్రీ ఫైనలియర్ పిల్లాడిని "నెల రోజులు పోయిరా తమ్మీ, నా మాట దక్కించు" అని బతిమాలి బస్సెక్కిస్తారు. పెళ్లి కుదిరిన అమ్మాయి పేరు ఆఫర్ లెటర్ మీదికి ఎక్కుతుంది. చాలాసార్లు మోసం చేద్దామన్న ఉద్దేశం కూడా ఉండదు, శనివారానికి సంఖ్య నిండాలి అంతే.

మీరు ప్రశ్న మార్చండి. "పోయిన వారం ఎవరెవరు తిరిగొచ్చారు, ఏమన్నారు?" అని మొదలుపెట్టండి. మొదటి వారం ఎవరూ నోరు విప్పరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పట్టు వదలకుండా మళ్లీ అదే అడిగితే ఎవరో ఒకరు మెల్లగా అంటారు: "మేడమ్, నేరేడుగొమ్ము పిల్లలు ఇద్దరు వచ్చిండ్రు. ఆడ తిండి మంచిగ లేదంట." అప్పుడు మీరు విసుక్కుంటే, "ముందే చెప్పాలి కదా" అంటే, అక్కడితో సరి, ఇంకో కబురు మీకు రాదు. అలా కాకుండా నోట్‌బుక్ తీసి ఏ కంపెనీ, ఏ హాస్టల్, చేరిన ఎన్నో రోజు అని రాసుకోండి. ప్లేస్‌మెంట్ చూసే ఆయన వైపు తిరిగి "ఆ హెచ్‌ఆర్ నంబర్ ఇవ్వండి, మధ్యాహ్నం నేనే మాట్లాడతా" అనండి. మాట్లాడాక ఏం జరిగిందో సాయంత్రం ఆ మొబిలైజర్‌కు ఫోన్ చేసి చెప్పండి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. వయసులో పెద్దవాళ్లు మీ మాట వినడం మొదలయ్యేది అక్కడే. ఇన్‌చార్జి అన్న హోదాను వాళ్లు లెక్కచేయరు, ఇన్‌చార్జిలు ఎంతమంది వచ్చిపోయారో వాళ్లకు తెలుసు. తాము చెప్పిన సమస్య మీ చేతిలో పడితే కదులుతుందని కళ్లారా చూస్తే వింటారు.

టార్గెట్ ఉండకూడదని నేననను. ప్రభుత్వ డబ్బుతో నడిచే పనికి లెక్క ఉండాల్సిందే. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో పెట్టించడానికి 2014లో వచ్చిన కేంద్ర పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్ యోజన (డీడీయూ-జీకేవై)నే తీసుకోండి. దాని పాత మార్గదర్శకాల ప్రకారం ఆఫర్ లెటర్ చేతికిస్తే ప్లేస్‌మెంట్ అయిపోయినట్టు కాదు, మూడు నెలలు పనిచేసినట్టు జీతం ఆధారాలు చూపాలి. నియమం రాసినవాళ్లు అడిగింది నిలవడాన్నే. దాన్ని చేరడంగా కుదించింది మనం. కుదించుకుని, మూడో నెలలో పే స్లిప్పుల కోసం కంపెనీల చుట్టూ, లేబర్ కాంట్రాక్టర్ల చుట్టూ తిరుగుతుంటాం. ఆ తిరుగుడులోనే దొంగ స్లిప్పులు పుడతాయి.

ఇక పిల్లలు ఎందుకు వస్తున్నారన్నది. "ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు" అనే మాట మీ స్టాఫ్ రూమ్‌లో రోజూ వినిపిస్తుంటుంది. దాన్ని నమ్మకండి. డబ్బు లెక్క వేసి చూడండి.

ఆఫర్ లెటర్‌లో నెలకు 16,000 గ్రాస్ (కటింగులకు ముందు జీతం) అని ఉంది, అందులో బేసిక్ (మూల వేతనం) 10,000 అనుకుందాం. బేసిక్ మీద పీఎఫ్ 12 శాతం, 1,200 పోయింది. గ్రాస్ మీద ఈఎస్ఐ 0.75 శాతం, 120. జీతం 15,000 దాటింది కాబట్టి మన రాష్ట్రంలో వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 14,530. అదే కాగితం మీద గ్రాస్ అని కాకుండా సీటీసీ (మనిషి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు) 16,000 అని ఉంటే ఇంకా తగ్గుతుంది, కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు కూడా అందులోనే కలిపేస్తారు కాబట్టి. హైదరాబాద్‌లో హాస్టల్‌కు ఆరు వేలు పెట్టుకోండి. బస్సు, ఫోను, సబ్బులు, చిల్లర ఖర్చులు రెండు వేలు. మిగిలేది ఆరున్నర వేలు. ఇంటి దగ్గర నాన్న "మావోడికి పదహారు వేల జీతం" అని ఊరంతా చెప్పుకుని ఉంటాడు. మొదటి జీతం పడ్డ రోజు ఫోన్ చేసి "మిగతయి ఏడ వెట్టినవ్ రా?" అంటాడు. పిల్లాడు బ్యాగు సర్దుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆ మొదటి జీతమైనా వెంటనే వస్తుందా? 5వ తేదీన చేరితే ఆ నెల జీతం పై నెల 7కో 10కో పడుతుంది. హాస్టల్ అడ్వాన్సు మాత్రం దిగిన రోజే కట్టాలి. నెల రోజుల పైన ఆ పిల్లాడు ఎవరి డబ్బుతో బతకాలి? అప్పుతో. డీడీయూ-జీకేవై పాత మార్గదర్శకాల్లో దీనికోసమే నెలకు 1,000 రూపాయల చొప్పున పెట్టారు: సొంత జిల్లాలో చేరితే రెండు నెలలు, రాష్ట్రంలో ఇంకోచోట అయితే మూడు నెలలు, బయటి రాష్ట్రమైతే ఆరు నెలలు. మొత్తం చిన్నదే. అయినా చేరిన వారంలో చేతికొస్తే పిల్లాడిని నిలబెడుతుంది, మూడు నెలల తర్వాత ఖాతాలో పడితే ఎవరికీ ఉపయోగం లేదు. మీ పథకంలో ఇలాంటిది ఉందో లేదో చూడండి. ఉంటే మీ అకౌంటెంట్ దాన్ని ఏ తేదీకి వేస్తున్నాడో మీరే స్వయంగా చూడండి. ఇన్‌చార్జి చూడాల్సిన పనుల్లో నా దృష్టిలో ఇది మొదటి మూడింట్లో ఉంటుంది. లేకపోతే హాస్టల్ వాళ్లతో మాట్లాడి అడ్వాన్సు రెండో నెలకు వాయిదా వేయించండి. వరుసగా పిల్లల్ని పంపే సంస్థ అడిగితే ఒప్పుకునే హాస్టల్ వాళ్లు ఉంటారు.

పైన వేసిన లెక్కను పిల్లలు బయల్దేరే ముందు, తల్లిదండ్రుల ఎదుట, బోర్డు మీద వేయండి. "ఇట్ల చెప్తే ఎవరు పోతరు మేడమ్" అని మీ ట్రైనర్లు కంగారుపడతారు. కొందరు నిజంగానే పోరు. పోయినవాళ్లు మాత్రం అన్నీ తెలిసి పోతారు. కటింగ్ అంటే పోయిన డబ్బు కాదని కూడా అక్కడే చెప్పాలి. ఈఎస్ఐ వల్ల కుటుంబానికి వైద్యం ఉంటుంది. పీఎఫ్‌లో తన 1,200తో పాటు కంపెనీ కూడా కడుతుంది. పీఎఫ్‌కు ఇచ్చే శాశ్వత నంబర్ యూఏఎన్‌ను యాక్టివేట్ చేసి ఫోన్‌లో బ్యాలెన్స్ చూపించండి, అరగంట క్లాసు కంటే అది ఎక్కువ నచ్చజెబుతుంది.

మనుషులను దూరం పనికి తీసుకెళ్లి అక్కడ నిలబెట్టడం మన ప్రాంతంలో బాగా తెలిసినవాడు ఒకడున్నాడు, గుంపు మేస్త్రీ. పాలమూరు లేబర్‌ను దశాబ్దాలుగా బొంబాయికీ, పుణెకూ, దేశంలో ఎక్కడెక్కడి ప్రాజెక్టుల దగ్గరి మట్టి పనికీ తీసుకుపోయింది వాళ్లే. వాళ్లను పొగడాలని నాకు లేదు. అడ్వాన్సు పేరుతో కట్టిపడేసి, లెక్క తేల్చకుండా మనుషులను పీల్చి పిప్పిచేసినవాళ్లు వాళ్లలో ఎందరో. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చినా ఆ అడ్వాన్సు పద్ధతి ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. కానీ అతను ఎవరినీ ఒంటరిగా పంపడు. అన్నదమ్ములు, బావమరుదులు, ఒకే వాడకట్టు వాళ్లు కలిసి పోతారు. బయల్దేరకముందే ఇంట్లో కొంత డబ్బు పెడతాడు. తనూ వెంటపోయి అక్కడే ఉంటాడు. మనమేం చేస్తాం? చందంపేట తండా అమ్మాయిని ఒక్కదాన్ని తీసుకెళ్లి సిటీలో ఏదో షోరూమ్‌లో చేర్పించి, వాట్సాప్ గ్రూపులో "ఆల్ ది బెస్ట్" పెట్టి వచ్చేస్తాం.

దోపిడీ వదిలేసి ఆ పద్ధతి తీసుకోండి. పక్కపక్క తండాల నుంచి నలుగురైదుగురిని ఒకే కంపెనీలో, వీలైతే ఒకే షిఫ్టులో పెట్టించండి. పాత బ్యాచ్‌లో అదే చోట ఏడాది దాటినవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్లలో ఒకరిని వీళ్లకు అక్కగానో అన్నగానో ఒప్పించండి. ఉత్త మాటగా వద్దు, నెలకు ఫోన్ రీచార్జి, ఇంకొంచెం డబ్బు ఇవ్వండి. జ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చునే మనిషి ఉంటే చాలామంది ఆ రాత్రి గట్టెక్కుతారు, తెల్లారి డ్యూటీకి పోతారు. సెంటర్ నుంచి చేసే ఫోన్ విషయానికొస్తే, నెలాఖరు ఫాలో-అప్ ఫార్మాట్ నింపడానికి చేసే ఫోన్ వల్ల ఒరిగేదేమీ లేదు. మొదటి రాత్రి, మొదటి ఆదివారం, మొదటి జీతం పడ్డ రోజు చేయండి. మొదటి ఆదివారం ఎందుకంటే ఇంటి మీద బెంగ ముదిరేది ఆ మధ్యాహ్నమే.

తండాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. మీ వైపు తీజ్ తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లల పండుగ. శ్రావణంలో అది దగ్గర పెట్టుకుని ఆడపిల్లలను ఉద్యోగానికి పంపితే వారంలో వెనక్కి వస్తారు, రావాలి కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పత్తి ఏరే కాలం, ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి. సద్దుల బతుకమ్మకు, దసరాకు ఎలాగూ ఆగరు. హెడ్డాఫీసు ఎక్సెల్ షీటుకు ఈ పండుగలు తెలియవు. బ్యాచ్ ఎప్పుడు మొదలవ్వాలో, జాయినింగులు ఏ నెలలో పడాలో ఊరి క్యాలెండర్ చూసి మీరే ప్రతిపాదించాలి. మీ మొబిలైజర్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ క్యాలెండర్ తయారుచేయండి, ఆ విషయంలో వాళ్లే నిపుణులు.

కంపెనీల దగ్గరికి మీరూ వెళ్లండి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ వెళ్తున్నాడు కదా అనుకోవద్దు. చౌటుప్పల్, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్, కొత్తూరు, షాద్‌నగర్, ఈ బెల్టులో ఫ్యాక్టరీలకు కొదవ లేదు. వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో కాఫీ తాగి ఒప్పందం (ఎంఓయూ) ఫోటో దిగి రావడంతో పని అయిపోదు. షిఫ్టు మారే వేళకు గేటు బయట అరగంట నిలబడండి. బయటికొచ్చే పిల్లలను అడగండి: ఎన్ని గంటలు, నిలబడి చేసే పనా, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇస్తున్నారా, జీతం కంపెనీ ఖాతా నుంచి పడుతుందా కాంట్రాక్టర్ చేతి మీదుగా వస్తుందా, ఆడపిల్లలకు రాత్రి దించడానికి బస్సు ఉందా. క్యాంటీన్‌లో ఒకపూట తినండి. తిండి బాగాలేక వచ్చేశామని పిల్లలు చెప్పినప్పుడు అది సాకో నిజమో ఆ ఒక్క పూటతో తేలుతుంది.

కొందరు హెచ్‌ఆర్‌లు "లోకల్ పిల్లలు వద్దండి" అని మొహమాటం లేకుండా చెబుతారు. ఊరి పక్కనే ఉన్న ఫ్యాక్టరీలో ఆ ఊరివాళ్లకు పని దొరకకపోవడం మన జిల్లాల్లో కొత్తేమీ కాదు. పెళ్లిళ్లకు, చావులకు సెలవులు పెడతారని, నలుగురు కలిస్తే గొడవ చేస్తారని వాళ్ల భయం. దీనికి ఉపన్యాసం ఇస్తే ఉపయోగం లేదు. మొదటి మూడు నెలలు హాజరు బాధ్యత మేం చూస్తాం, ఎవరైనా రెండు రోజులు రాకపోతే మా మనిషి ఇంటికి పోతాడు, ఆరుగురితో మొదలుపెట్టి చూడండి అనండి. చెప్పినట్టు చేయగలిగితేనే అనండి. అక్కడ మాట పోగొట్టుకుంటే ఆ గేటు మీకు మళ్లీ తెరుచుకోదు.

ఇంతకన్నా లోతైన ప్రమాదం ఒకటుంది. టార్గెట్ ఒత్తిడి పెరిగినకొద్దీ మనం సులువుగా ఉద్యోగం దొరికేవాళ్లనే ఏరుకుంటాం. ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 2011లో వర్క్ ప్రోగ్రామ్ అని పెట్టారు, నిరుద్యోగి ఉద్యోగంలో చేరి కొంతకాలం నిలిస్తేనే సంస్థలకు డబ్బు. కష్టమైన వర్గాలవారికి ఉద్యోగం ఇప్పిస్తే రేటు ఎక్కువ పెట్టారు. అయినా దాన్ని పరిశీలించినవాళ్లు చూసిందేమిటంటే, చాలాచోట్ల చలాకీగా ఉన్నవాళ్ల మీద శ్రద్ధ పెట్టి, జబ్బులున్నవాళ్లను, ఎక్కువకాలం ఖాళీగా ఉన్నవాళ్లను పేరుకు రిజిస్టర్‌లో ఉంచి వదిలేశారు. డబ్బు పెంచినంత మాత్రాన మారలేదన్నమాట. అది సెంటర్ నడిపే మనిషి ప్రతిరోజూ చూసుకోవాల్సిన విషయం.

మీ చుట్టుపక్కల అలా వదిలేయబడేది ఎవరో మీకు తెలుసు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయినవాళ్లు. పది ఫెయిలైనవాళ్లు. 30 దాటినవాళ్లు. భర్త వదిలేసి పిల్లలతో పుట్టింట్లో ఉన్న ఆడవాళ్లు. డీడీయూ-జీకేవైలో 15 నుంచి 35 ఏళ్లే అయినా మహిళలకు, వైకల్యం ఉన్నవాళ్లకు 45 దాకా అవకాశం ఉంది. మొబిలైజర్‌కు చాలాసార్లు ఆ సంగతే ఎవరూ చెప్పరు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పుట్టిన ప్రభుత్వ ఉపాధి మిషన్ ఈజీఎంఎం గ్రామీణ యువతను ప్రైవేటు ఉద్యోగాల్లో పెట్టించింది. దాన్ని నడిపిన మీరా షెనాయ్ తర్వాత హైదరాబాద్‌లో యూత్ ఫర్ జాబ్స్ పెట్టి వైకల్యం ఉన్న యువత మీద పనిచేశారు. అంటే ఇది మన దగ్గర జరగని పనేమీ కాదు. కాకపోతే క్రమం తిరగబడాలి. కంపెనీలో కూర్చుని చేసే పని ఏది, మాటతో అవసరం లేని పని ఏది అని ముందు చూసి రావాలి, తర్వాత మనిషిని వెతకాలి. బ్యాచ్‌కు నాలుగైదు సీట్లు ఇలాంటివాళ్లకని మీ స్థాయిలోనే పెట్టుకోండి. వాటి లెక్కను మొబిలైజర్ టార్గెట్‌లో కలపకండి, అలా కలిపారా ఆ సీట్లు కూడా చలాకీ పిల్లలతో నిండిపోతాయి.

సర్కారు నౌకరీ కోసం కూర్చున్నవాళ్ల గురించి మీరు అడగలేదు, కానీ మీ సీట్లు ఖాళీగా ఉండడానికి సగం కారణం అదే అయి ఉంటుంది. కానిస్టేబుల్, గ్రూప్-4, డీఎస్సీ అంటూ నోటిఫికేషన్ నుంచి నోటిఫికేషన్‌కు ఏళ్లు గడిపే పిల్లలను మన స్టాఫ్ ఎగతాళి చేయడం నేను చాలా చూశాను. చేయనివ్వకండి. ఖాళీగా ఉండడం మనిషిని ఏం చేస్తుందో 1931-32లో ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెంతాల్ అనే ఊళ్లో మేరీ యహోదా అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు దగ్గరుండి చూశారు. ఊరికి ఆధారమైన బట్టల మిల్లు మూతపడింది. చేతినిండా టైమున్నా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది, అదీ ఫీజు ఎత్తేశాక. వీధిలో మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది. మూడేళ్లుగా ఇంట్లో ఉన్న పిల్లాడు ఇంటర్వ్యూకి ఆలస్యంగా వస్తే, కళ్లలోకి చూసి మాట్లాడకపోతే, దాన్ని బద్ధకం అనేముందు ఈ ఊరిని తలుచుకోండి. అతనికి మీరు చెప్పాల్సింది "పరీక్షలు మానెయ్" అని కాదు. పొద్దున షిఫ్టు ఉండే ఉద్యోగం చూపించి, సాయంత్రం చదువుకోమనండి, పరీక్ష రోజులకు సెలవు ఇప్పిస్తానని కంపెనీతో మాట్లాడండి. నెల నెలా కొంత డబ్బు చూశాక అతనికి తోచింది అతను చేస్తాడు.

మీ స్టాఫ్ సంగతికి వస్తాను. మన రంగంలో ఒక విడ్డూరం ఉంది. పక్కవాళ్లకు ఉద్యోగాలు ఇప్పించే మనవాళ్లకే వచ్చే ప్రాజెక్టు శాంక్షన్ అయితే తప్ప ఉద్యోగం లేదు. విడత డబ్బు ఆలస్యమైతే ముందు ఆగేది వాళ్ల జీతం. నేను పనిచేసిన ఒకచోట అలాగే ఆగింది. పైనున్న ఆయన ప్రతి వారం "వచ్చే వారం పడుతుంది" అనేవారు. జీతం లేకపోయినా సర్దుకున్నవాళ్లు ఆ మాట వినలేక వెళ్లిపోయారు. డబ్బు ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో ఉండదు. ఎంత వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, ఎవరికి ముందు ఇస్తాం అన్నది దాచకుండా చెప్పడం మీ చేతుల్లో ఉంది. మొబిలైజర్ పెట్రోల్ డబ్బులు మాత్రం ఎట్టి పరిస్థితిలో ఆపకండి. అందరికన్నా తక్కువ జీతం అతనిదే. డిండి దాకా, ఆ పైన తండాల దాకా సొంత బండి మీద తిరిగేదీ అతనే. పిల్లాడు ఏడ్చుకుంటూ తిరిగొస్తే ఆ ఊళ్లో తిట్లు తినేది కూడా అతనే. "మా పోరగాన్ని ఏడనో తోలినవ్" అని తల్లి అడిగినప్పుడు పక్కన మీరుండాలి. ఆ 13 మంది ఇళ్లకు ఇద్దరు మొబిలైజర్లతో కలిసి మీరు వెళ్లండి. రిపోర్టు రాయడానికన్నట్టు ఫారం పట్టుకుని పోవద్దు. కూర్చుని వినండి. ఎవరైనా ఇంకోచోట చేరతామంటే అక్కడికక్కడే మాటివ్వకండి, చూసి చెబుతామనండి.

బోర్డులు, కమిటీల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చెక్కు మీద సంతకం ఒక్కరిదే అయిన సంస్థలో ఆ ఒక్కరు ఊళ్లో లేకపోతే హాస్టల్ పిల్లలకు కూరగాయలు కూడా రావు. మీ దగ్గరా అదే అయితే చిన్న ఖర్చులకు మీ సంతకం చెల్లేలా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

హెడ్డాఫీసుకు నెలాఖరు దాకా ఆగకుండా ముందే రాయండి. ఇలా సూటిగా: "24 మంది చేరారు, ఇప్పుడు ఉన్నది 11 మంది. తిరిగొచ్చిన ప్రతి ఒక్కరి కారణం పట్టికలో ఉంది. వచ్చే బ్యాచ్‌ను పత్తి ఏరే కాలం అయ్యాక, 35కు బదులు 28 మందితో మొదలుపెట్టడానికి అనుమతి కావాలి. కంపెనీలను ముందే చూసి వస్తాం. మూడో నెల చివర ఎంతమంది ఉన్నారో అదే మా సంఖ్యగా తీసుకోండి." కోప్పడతారు. అయినా తమంతట తాము ఫోన్లు చేసి కనుక్కున్నప్పుడు వచ్చిన కోపం కన్నా ఇది తక్కువే ఉంటుంది. ఆ కోపాన్ని ఉన్నదున్నట్టు కిందికి దించకుండా మీ దగ్గరే ఆపుకోండి. టీమ్‌కు చేరాల్సింది అందులోని పని వరకే.

చివరగా, తీసేయమంటున్న ఆ మొబిలైజర్. ఏ నిర్ణయమైనా చేసేముందు ఇంకా ఉద్యోగంలో ఉన్న ఆ 11 మంది పేర్లు రాసి, ఎవరిని ఎవరు తెచ్చారో పక్కన వేయండి. టార్గెట్ చేయని మొబిలైజర్లలో ఒక రకం ఉంటారు. ఇంటికి రెండు మూడుసార్లు పోతారు, తల్లితో మాట్లాడతారు, పోనన్న పిల్లాడిని బలవంతం చేయరు. తెచ్చేది తక్కువమందిని, వాళ్లలో ఎక్కువమంది నిలుస్తారు. మీవాడు ఆ రకం అయితే ఆ పట్టికే హెడ్డాఫీసుకు జవాబు. రెండో అతను తెచ్చినవాళ్లలో ఎంతమంది వచ్చేశారో కూడా అదే పట్టికలో కనిపిస్తుంది, అతన్నీ వెంటనే అనుమానించకండి, ఎవరు తొందరపెడితే అలా తెచ్చాడో అడగండి. ఇద్దరిలో ఎవరైనా పిల్లల దగ్గర ఉద్యోగానికని డబ్బు తీసుకున్నా, దొంగ పే స్లిప్పు తెచ్చినా మాత్రం ఒక్క రోజు కూడా ఉంచవద్దు, అందులో జాలికి చోటు లేదు. పట్టిక వేశాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, హెడ్డాఫీసు ఉత్తరం దాన్నిబట్టి కలిసి సరిచేద్దాం.